నా జెండా, చిలకమ్మ పొగ

నేరేడుకొండ ఘాటు, పై గేటు
గొడుగు ఎత్తిన ముప్పై ఒకటో ఏడు

జనవరి 19

నీలవేణి మేడం గారికి పై గేటు కాపలా వంతల బొంజన్న నమస్కారం చేసి రాస్తున్నది. నా చేతిరాత బాగుండదు, క్షమించాలి. మా ఊరి బడిలో అయిదు దాకా చదివాను. ఒత్తులు ఎక్కడ పడాలో, దీర్ఘాలు ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. పైగా ఈ చలికి పెన్నులో సిరా కదలదు. చంకలో పెట్టుకుని కాచుకుంటూ రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మీకు ముందున్న ఆఫీసరు గారు 'తెరిచాను', 'మూశాను' అని రాస్తే చాలనేవారు. మీరు ఏం చూశానో, ఎందుకు అలా నిర్ణయించానో కూడా రోజూ రాయమన్నారు. రాయడమే నయం. నోటితో చెప్పమంటే ఎదురుగా మనిషి ఉంటాడు.

ఈ రోజు: తెల్లారాక మూడో మలుపు దాకా నడిచి వచ్చాను. రాత్రి పడ్డది పిండి మంచు. తువ్వాలు ఒక కొస అంటుకుంది. ఎర్రజెండా వేశాను.

ఎనిమిదింటికి బస్సు వచ్చింది. జెండా చూసింది. దిగి వెళ్లిపోయింది. క్షేమంగానే చేరిందని విన్నాను.

జనవరి 20

తువ్వాలు అంటే ఏమిటని అడిగారు. రాస్తున్నాను.

ఈ కొండ మీద మంచు మూడు రకాలు. పిండి, ముద్ద, గాజు. పిండి మీద బండి పోతుంది. ముద్ద మీద చక్రాలకు గొలుసు కట్టుకుని పోతుంది. గాజు మీద దేవుడి పల్లకీ కూడా పోకూడదు. గాజు కంటికి కనబడదు. రోడ్డు తడిసినట్టు నల్లగా నిగనిగలాడుతుంది, అంతే. మూడో మలుపులో ఊటనీరు రోడ్డుకు అడ్డంగా పారుతుంది, ఎండ తగలదు. గాజు ముందు అక్కడ పడుతుంది. అక్కడ తడి తువ్వాలు పరిచి, ఒక చుట్ట కాలేంత సేపు ఆగి, ఎత్తి చూస్తాను. మెత్తగా లేస్తే పచ్చ. అప్పడంలా లేస్తే ఎర్ర.

ఎండ తగ్గించడానికి ఆకాశంలో గొడుగు ఎత్తకముందు పుట్టినవాణ్ణి నేను. అప్పట్లో మంచు అంటే పొద్దున ఆకుల మీద ఉండి, ఎండ పొడవగానే పోయేది. దానికి జెండా అక్కర్లేదు.

బండ్లు వాటంతట అవే నడుస్తాయి కదా, అన్నీ వాటికే తెలుసు కదా అంటారు కింద వాళ్లు. గాజు మాత్రం వాటికి తెలియదు. అందుకే ఘాటు మొదట్లో బస్సు ఆగి, ఆడగొంతుతో మర్యాదగా 'దిగమంటారా?' అని అడుగుతుంది. డ్రైవరు 'దిగు' అంటేనే దిగుతుంది. డ్రైవరు నా జెండా చూసి చెప్పాలి. చట్టం అది.

వాళ్లు నా జెండా చూడరు. చిలకమ్మ పొగ చూస్తారు.

గేటుకు ఎదురుగా, గట్టు మీద పాంగి చిలకమ్మకు టీకొట్టు ఉంది. వచ్చి ఆరేళ్లయింది. అరవై దాటిన మనిషి. దారి మూసిన రోజు టీ తాగేవాళ్లు ఉండరని ఆ రోజు ఆమె పొయ్యి వెలిగించదు. ఇక్కడ ఎండు కట్టె దొరకడం కష్టం. ఇది కనిపెట్టి డ్రైవర్లు పై ఊళ్లలోనే నిలబడి ఆమె పొగ కోసం చూస్తారు. పొగ లేస్తే బండి తీస్తారు. లేవకపోతే మళ్లీ దుప్పటి కప్పుకుంటారు.

ఆరేళ్లలో ఆమె పొగ ఒక్కసారీ తప్పలేదు. ఈ ముక్క రాయడానికి నాకు మనసొప్పలేదు. నిజం కాబట్టి రాశాను.

జనవరి 21

పిండి. కింద కాస్త ముద్ద. ఎర్రజెండా.

బస్సు గేటు దగ్గర ఆగింది. డ్రైవరు దాలినాయుడు తల బయట పెట్టాడు.

"తాతా, గెడ ఎత్తు."

"ఎర్ర" అన్నాను.

"ఎర్ర ఎప్పుడు కాదు? నీ కాడ అసలు పచ్చ గుడ్డ ఉందా, ఎలకలు కొట్టీసాయా?"

బస్సులో వాళ్లు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

"సిలకమ్మప్ప పొయ్యి ఎలిగించీసింది. టీలు కూడా తాగీసినాం. మరింక నీ జెండాతో నాకేటి పని?"

దిగి, వెదురు గెడ తనే ఎత్తుకున్నాడు. బస్సు దాటాక మళ్లీ దించి, తాడు కూడా కట్టాడు. "సలిలో నించోకు తాతా. లోనికెళ్లి కూకో" అన్నాడు. తిట్టినా బాగుండేది.

బస్సు పోయాక రోడ్డు అవతలి నుంచి చిలకమ్మ పిలిచింది.

"బావా, ఒక గుక్క టీ తాగుదువు రా!"

రోజూ పిలుస్తుంది. రోజూ నేను జెండా తాడు చూసుకుంటున్నట్టు అటు తిరుగుతాను. నవ్వుతూ అడ్డపొగ తాగుతూ నిలబడుతుంది. నిప్పు నోట్లో పెట్టుకుని నవ్వడం ఆమెకే చేతనవును.

జనవరి 23

ఆమెకు ఎలా తెలుస్తోంది?

మలుపు దాకా రాదు. తువ్వాలు పరచదు. కొట్టు ముందు పీట మీద కూర్చుంటుంది. కాసేపటికి లేచి పుల్ల గీస్తుంది, లేదా గీయదు.

గంప కింద కోడి ఉంది. అది బయటికి వస్తేనే వెలిగిస్తుందేమో అనుకున్నాను. మూడు రోజులు కోడినే కనిపెట్టాను. పై ఊరి నుంచి నేనూ ఒక కోడిని తెచ్చాను. అది రోజంతా నా మంచం కిందే ఉంది, దారి సంగతి ఏమీ చెప్పలేదు. మోకాళ్ల నొప్పిని బట్టి చెబుతుందేమో అని కూడా అనుకున్నాను. నొప్పులు నాకూ ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి కాబట్టి వాటివల్ల ఉపయోగం లేదు.

నేను పంతొమ్మిదేళ్లుగా ఈ రోడ్డు మీద రోజూ పొద్దున్నే నడుస్తున్నాను. ఏ రాయి ముందు చల్లబడుతుందో తెలుసు. నా గది ముందు ఒక్క బండి ఆగదు. నిన్న ఒక లారీ డ్రైవరు ఆమెకు ఉన్ని టోపీ తెచ్చి ఇచ్చాడు. ఇంకొకడు కాలీఫ్లవర్ ఇచ్చాడు. దాలినాయుడు కొండ దిగే ముందు ఆమె పొయ్యికి దండం పెట్టి మరీ ఎక్కుతాడు. కిటికీ సందులోంచి ఇవన్నీ లెక్కపెట్టాను. పదకొండు బండ్లు, పదకొండు దండాలు.

ఇది లాగ్‌బుక్కులో రాయవలసిన సంగతి కాదేమో. ఏం చూశానో రాయమన్నారు కాబట్టి రాశాను.

జనవరి 25

మీ ఉత్తరం అందింది. డిసెంబరులో ముప్పై ఒక్క రోజులూ ఎర్ర వేశానని, అందులో పదిహేడు రోజులు బండ్లు దిగినా ఎవరికీ ఏమీ కాలేదని రాశారు. ఫిబ్రవరి నెలాఖరు లోపల డ్రైవర్లు జెండా మాట వినకపోతే ఈ గేటు ఎత్తేసి, నన్ను కింద ముసలివాళ్ల వసతికి పంపుతామన్నారు.

కింద నాకు ఎవరూ లేరు. కింద నేను నడిచి చూడవలసిన రోడ్డూ లేదు. అంతకంటే రాయలేను.

ఒక మనవి. మంచు మీద జారని ముళ్ల బూట్లు ఆఫీసులో ఉన్నాయని విన్నాను. ఒక జత పంపిస్తే ఏడో మలుపు దాకా వెళ్లి చూసి వస్తాను. ఆమె పీట మీద నుంచి లేవదు. ఏడో మలుపు చూసినవాడి మాటకు బలమా, పీట మీద కూర్చున్న వాళ్ల మాటకా, అప్పుడు తేలుతుంది.

జనవరి 29

బూట్లు వచ్చాయి. సంతోషం. దాలినాయుడు బస్సు సంచిలోంచి తీసి రెండూ పైకెత్తి బస్సులో అందరికీ చూపించాడు. చిలకమ్మ అప్పుడు కొట్టులో లేదు, కట్టెలకు వెళ్లింది.

"తాతకి పెళ్లికొడుకు బూట్లు వచ్చీసినాయి! పిల్లెవరు తాతా?"

లాక్కుని లోపలికి పోయాను. తలుపు వేసుకుని తొడిగి చూశాను. అడుగున ఒక్కోదానికి పద్నాలుగు ఇనపముళ్లు. చాపకు కన్నాలు పడ్డాయి. కోడి బెదిరి గూట్లోకి ఎక్కింది.

రేపూ ఎల్లుండీ పిండే పడేట్టుంది. గాజు పడ్డ రోజున తొడుగుతాను.

ఫిబ్రవరి 1

రాత్రి చిన్న వాన కురిసి, వెంటనే బిగిసింది. తెల్లారేసరికి రోడ్డంతా గాజు. మొదటి మలుపు నుంచే.

బూట్లు తొడిగి ఏడో మలుపు దాకా వెళ్లి వచ్చాను. ఎక్కడా జారలేదు. తువ్వాలు అప్పడంలా లేచి, విరిచితే విరిగింది. ఎర్రజెండా వేశాను.

చిలకమ్మ పొయ్యి వెలిగించింది.

ఎనిమిదింటికి బస్సు వచ్చింది. లోపల దాలినాయుడు కాక పదకొండు మంది. టీ తాగారు. గేటు దగ్గర ఆగారు. "ఎర్ర" అన్నాను. దాలినాయుడు గెడ ఎత్తుకుని దిగిపోయాడు.

మూడో మలుపులో బస్సు తిరగలేదు. జారి పిట్టగోడను గుద్దింది. గోడ విరిగింది. ముందు చక్రం ఒకటి లోయ మీద వేలాడింది.

బూట్లు ఉన్నాయి కాబట్టి నేను పరుగెత్తగలిగాను. వెనక తలుపు తెరిచి, జెండా తాడు ఒకరి నడుముకు కట్టి లాగి, మళ్లీ విప్పి ఇంకొకరికి కట్టి, అందరినీ ఇవతలికి తెచ్చాను. అంతసేపూ బస్సు ఆ ఆడగొంతుతో 'ఇంకా దిగమంటారా?' అని అడుగుతూనే ఉంది. చిలకమ్మ చేతుల మీద, మోకాళ్ల మీద పాకుతూ వచ్చింది. పొయ్యిలో బూడిద గోనెలో ఎత్తి తెచ్చి రోడ్డు మీద చల్లింది. దాని మీద నడిచి జనం పైకి వచ్చారు.

ఒక ముసలామెకు చెయ్యి విరిగింది. దాలినాయుడికి కుడికాలు రెండు చోట్ల విరిగింది. ప్రాణాలు పోలేదు.

లాగుతుంటే దాలినాయుడు నా మొహంలోకి చూసి అన్నాడు.

"తాతా, ఇయ్యాల నిజం ఎర్రా? ముందే సెప్పొద్దేటి!"

నేను తాడు బిగించి లాగాను.

ఫిబ్రవరి 2

మధ్యాహ్నం ఆఫీసు డ్రోన్ వచ్చింది. విరిగిన గోడ ఫోటోలు తీసి, ఒక కవరు పడేసి పోయింది.

మీ ఆర్డరు చదివాను. నిన్న నా జెండాయే సరైనదని, గేటు ఉంచుతామని రాశారు. చిలకమ్మ పొయ్యిని చూసే ప్రమాదం జరిగిందని బస్సు లోపల రికార్డయిన మాటల వల్ల తెలిసిందన్నారు. కొట్టు మూయాలి. తొమ్మిదో తారీకున డ్రోన్ బండి వచ్చి ఆమెను, సామానును కిందికి దించుతుంది. అప్పటిదాకా పొయ్యికి ముద్ర వేయమని తాడు, లక్క పంపారు. ముద్ర నన్నే వేయమన్నారు.

వేశాను. ఆమె పక్కన నిలబడి చూసింది. లక్క కరగడానికి నా దగ్గర నిప్పు లేకపోతే తన అగ్గిపెట్టె తీసి ఇచ్చింది.

ఆర్డరు మూడుసార్లు చదువుకున్నాను. గూట్లో పెట్టాను. మళ్లీ తీసి చదివాను.

ఫిబ్రవరి 3

ఈ రోజు చిలకమ్మ నా గదికి వచ్చింది. ఆరేళ్లలో మొదటిసారి. గడప లోపలికి రాలేదు.

"బావా, ఒక మాట అడుగుతాను. నిజం సెప్పు. మొన్న నువ్వు జారలేదేటి?"

"లేదు."

"అంత గాజు మీద?"

"బూట్లు" అన్నాను. మేకుకు వేలాడుతున్నాయి. చూపించాను.

ఒక బూటు తీసుకుని తిరగేసింది. ముళ్లను వేలితో ఒక్కొక్కటీ తడిమింది. ఆమె ముఖంలో రంగు పోయింది. గడప మీదే కూర్చుండిపోయింది.

"ఓలమ్మో, ఇయ్యా! నీకెవుడిచ్చినాడయ్యా ఇయ్యి! నాకొక్క మాట సెప్పకుండా ఎందుకు తొడిగినావు?"

"నీకెందుకు చెప్పాలి?"

"నాను నిన్ను సూసే కదా పొయ్యి ఎలిగిస్తాను!"

నాకు అర్థం కాలేదు. "నా జెండా చూసా?" అన్నాను.

"నీ జెండాకేటి, అదెప్పుడూ ఎర్రే. నీ నడక సూత్తాను. గాజు పడిన నాడు నువ్వు పిట్టగోడ అట్టుకుని, గుడ్ల మీద కొంగ నడిసినట్టు ఎల్తావు. ఆనాడు నాను పుల్ల గియ్యను. గాజు నేని నాడు సేతులు ఎనక్కి కట్టుకుని, దిక్కులు సూసుకుంటా ఎల్తావు. ఆనాడు ఎలిగిస్తాను. ఎల్లొచ్చి మళ్లీ ఎర్ర గుడ్డే ఎగరేత్తావు. నీ సెయ్యికి బయం బావా. నీ కాళ్లకి నేదు. ఆరేళ్లై నాను నీ కాళ్లనే నమ్ముకున్నాను. అవి ఎప్పుడూ అబద్దం సెప్పనేదు. మొన్న ఒక్కనాడు సెప్పినాయి."

బూటు కింద పెట్టి మళ్లీ అడిగింది. "ఆ బయం గంగులు బండి కాడి నుంచేనా?"

గంగులు సంగతి మీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఏడేళ్ల కిందట నేను పచ్చ వేసిన రోజున గంగులు పాల బండి పదో మలుపులో పడిపోయింది. గంగులు దక్కలేదు. ఆ రోజు నేను మూడో మలుపు దాకానే చూశాను. అప్పటి నుంచి తువ్వాలు మెత్తగా లేచినా నా చెయ్యి ఎర్ర తాడు మీదికే పోతుంది. తువ్వాలు ఏం చెప్పిందో లాగ్‌బుక్కులో రాస్తాను. అది చెప్పిన మాట నేను వినను.

మొన్నటి లాగ్‌బుక్కు పేజీలో నేను రాయకుండా వదిలిన సంగతులు ఉన్నాయి. ఇప్పుడు రాస్తాను.

ఆ పొద్దున బూట్లు తొడిగి నడుస్తుంటే ఆమె పీట మీద నుంచి నన్ను చూస్తోందని నాకు తెలుసు. గోడ పట్టుకోలేదు. చేతులు ఊపుకుంటూ కుర్రవాడిలా నడిచాను. ఆమె చూడాలనే అలా నడిచాను. ఇది మొదటిది.

పైకి వచ్చి చూస్తే పొగ లేస్తోంది. ఈ రోజు ఆమె తప్పింది అనుకున్నాను. నాకు భయం వేయవలసింది. సంతోషం వేసింది. ఇది రెండోది.

మూడోది రాయడానికి పెన్నును రెండుసార్లు కాచుకున్నాను. బస్సు గేటు దగ్గర ఆగినప్పుడు 'ఎర్ర' అన్నాను. రోజూ అనే మాటే, రోజూ అనే గొంతుతో అన్నాను. 'గాజు' అనలేదు. ఆ మాట నాలుక చివర ఉంది. 'దాలినాయుడూ, ఈ రోజు గాజు' అని ఒక్క ముక్క అంటే ఆగేవాడు. గెడ మీద చెయ్యి వేసినా ఆగేవాడు. ఏమవుతుందో చూడనీ, ఆమె పొగ ఏపాటిదో తేలనీ అనుకున్నాను. ఒక క్షణమే అనుకున్నాను. బస్సు దాటిపోవడానికి ఆ క్షణం చాలింది.

పన్నెండు మంది.

ఫిబ్రవరి 5

బూట్లు లేకుండా నడుస్తున్నాను. నిన్నా, ఈ రోజూ పిండే అనుకుంటాను. గట్టిగా చెప్పలేను. నడక నాది కాకుండా పోయింది. ఆమె చూస్తుందని తెలిసి ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నాను. ఆలోచిస్తే కాలు తడబడుతోంది. నిన్న పొడి పిండి మీద పడ్డాను. నాకు నేనే నవ్వుకోవలసింది, ఏడుపు వచ్చింది.

రెండు రోజులూ ఎర్ర. ఈసారి డ్రైవర్లు విన్నారు. పొగ లేదు, ఎర్ర ఉంది, ఎవరూ బండి తీయలేదు. దాలినాయుడు, చెయ్యి విరిగిన ముసలామె పై ఊరి ఆస్పత్రిలోనే ఉన్నారు. అతని కాలికి రాడ్డు వేయాలట. కింద ఆస్పత్రికే దించాలట, డ్రోన్ బండి తొమ్మిది దాకా రాదట. దారి బాగుండే ఉంటుంది. నేను చెప్పలేకపోతున్నాను.

నేను గెలిచాను. గేటు నాది. పదకొండు బండ్లూ ఇప్పుడు నా జెండానే చూస్తాయి. నా జెండాకు ఏమీ తెలియదు.

ఫిబ్రవరి 7

పొద్దున నేనే కొట్టుకు వెళ్లాను. చల్లారిన పొయ్యి ముందు ఆమె పీట వేసింది. కూర్చున్నాను.

బస్సు గేటు దగ్గర జరిగింది ఆమెకు చెప్పాను. 'గాజు' అనకపోవడం చెప్పాను. నా జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె తిడుతుందని తల వంచుకున్నాను.

"తెలుసు" అంది. "నీ మొకం సూత్తే తెలీదేటి? మరి నాను మాత్తరం? నా పొగ సూసి జనం దిగుతున్నారని నాకు తెలీదేటి? టీయే కదా పెట్టుకుంటన్నాను అని ఊరుకున్నాను. దండాలు పెడితే బాగున్నాది. ఆ దండాల్లో నీయి సగమని ఒక్కనాడూ సెప్పనేదు."



"లే, నడు" అంది. "దాలినాయుడి కాలు కుళ్లిపోతాది."

"నడక రావడం లేదు. నువ్వు చూస్తుంటే రాదు."

"నన్ను మరిసిపో."

"ఎలా?"

ఆమె నవ్వింది. "ఎలాగేటి? ఇన్నాళ్లూ ఎలా నడిసినావో అలాగే. నా మీద కుళ్లుకుంటా నడు."

సిగ్గుతో చచ్చాను. ఆమెకు ముందు నుంచీ తెలుసు. ఆరేళ్లుగా తెలిసే టీకి పిలుస్తోంది.

తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాను. మొదటి మలుపు దాకా కాళ్లు కర్రల్లా ఉన్నాయి. అప్పుడు, ఈ దారి బాగుంటే జనం ఎవరికి దండం పెడతారు అని ఆలోచించాను. ఆమెకే. టోపీ ఎవరికి తెస్తారు? ఆమెకే. నేను చలిలో తువ్వాలు పరుస్తాను, ఆమె పీట మీద కూర్చుని నవ్వుతుంది. కాలీఫ్లవర్ గుర్తొచ్చింది. కడుపులో పాత మంట లేచింది. తిట్టుకుంటూ నడిచాను. మూడో మలుపు ఎప్పుడు వచ్చిందో తెలియలేదు.

చూసుకుంటే చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాయి.

గట్టు మీద నుంచి ఆమె కేక వేసింది.

"పచ్చ బావా! పచ్చ!"

తువ్వాలు కూడా పరిచి చూశాను. మెత్తగా లేచింది. పైకి వచ్చాను. నా చెయ్యి మళ్లీ ఎర్ర తాడు మీదికే పోయింది. ఆమె నా చెయ్యి తీసేసి, పచ్చ గుడ్డ తనే లాగి ఎత్తింది. ఏడేళ్ల మడతలు ఉన్నాయి దానికి. ఎలకలు కొట్టలేదు.

పొయ్యి ముద్ర నేనే విప్పాను. తప్పే. ఆ తప్పు నా మీదే రాసుకోండి.

ఇప్పుడు కొత్త బస్సు గట్టు కింద ఆగి ఉంది. దాలినాయుణ్ణి వెనక సీటు మీద పడుకోబెట్టారు. మిగతావాళ్లు టీ తాగుతున్నారు. వాళ్ల గ్లాసులు ఖాళీ అయ్యేలోగా ఇది ముగించి సంచిలో వేయాలి. రాత ఇంకా పాడైంది, క్షమించండి.

నా మనవి ఇది. బూట్లు తిరిగి పంపుతున్నాను. ఏడో మలుపు దాకా మామూలు చెప్పులతోనే వెళ్తాను, గోడ పట్టుకుని అయినా. నడక నాది. ఆ నడక చూసి జెండా ఆమె ఎత్తాలి. ఆమె చెప్పిన మాట నేను ఈ పుస్తకంలో రాస్తాను. గేటుకు ఇద్దరు మనుషులు ఉండాలని ఆఫీసు రూలులో లేదని తెలుసు. ఒక్కరే ఉండాలంటే ఆమెను ఉంచండి అని రాయాలి. అలా రాయలేకపోతున్నాను. ఇద్దరినీ ఉంచండి. గాజు రోజున నేను ఎర్ర అని ఎందుకు ఊరుకున్నానో పైన రాశాను. దానికి మీరు ఏ శిక్ష వేసినా సరే.

దాలినాయుడికి కూడా ఇదంతా చెప్పాను. "నడక సూసా?" అన్నాడు. తర్వాత నా వైపు కాకుండా ఆమె వైపు తిరిగి దండం పెట్టాడు. నాకు మండింది. మండడం మంచిదే అంటోంది ఆమె, రేపటి నడకకు పనికొస్తుందట.

తొమ్మిదో తారీకున ఆమెను తీసుకుపోవడానికి డ్రోన్ బండి వస్తుంది. ఎల్లుండే. బస్సు మధ్యాహ్నానికి మీ దగ్గరికి చేరుతుంది. దయచేసి ఈ రోజే చదివి, ఈ రోజే జవాబు రాయండి, మేడం గారూ. సాయంత్రం బస్సు కోసం గేటు దగ్గరే నిలబడి ఉంటాను.

ఇట్లు
వంతల బొంజన్న
పై గేటు